ఆమ్ల ఎర్రనేలలో రాక్ ఫాస్ఫేట్: కంది వేరు నిజంగా కరిగిస్తుందా?

చోడిచేను:
అందరికీ నమస్కారం. పాడేరు వైపు కొండవాలు ఎర్రనేల, మూడెకరాలు. మట్టి పరీక్షలో పీహెచ్ 5.3, భాస్వరం "తక్కువ" అని వచ్చింది. సేంద్రియ ధ్రువీకరణలో ఉన్న పొలం కాబట్టి డీఏపీ, సూపర్ (సూపర్ ఫాస్ఫేట్) లాంటి రసాయన భాస్వరపు ఎరువులు వేయడానికి లేదు. రాక్ ఫాస్ఫేట్‌కు, అంటే భాస్వరం ఉన్న రాతిపొడికి, అనుమతి ఉంది. ఖరీఫ్‌లో చోడిలో (రాగిలో) కంది అంతరపంటగా వేస్తాం.

అడగాల్సినవి నాలుగు. కంది వేరు రాతిలోని భాస్వరాన్ని బయటికి తెస్తుందంటారు, అది ఎలా జరుగుతుంది? ఎకరాకు ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి? సాళ్లలో పోయాలా, వెదజల్లాలా? ఫాస్ఫోబాక్టీరియా (భాస్వరాన్ని కరిగించేదని అమ్మే బాక్టీరియా) కలపకపోతే అసలు పనిచేయదని ఎరువుల కొట్లో చెబుతున్నారు, నిజమేనా?

వేరుకొస:
మొదటి ప్రశ్నకే కాస్త పెద్ద జవాబు కావాలి. అది తెలిస్తే మిగతా మూడూ వాటంతటవే తేలతాయి.

రాక్ ఫాస్ఫేట్‌లో భాస్వరం ఎపటైట్ అనే ఖనిజంలో ఉంటుంది. కాల్షియం, ఫాస్ఫేట్, ఫ్లోరిన్ కలిసి బిగుసుకున్న స్ఫటికం అది. ఉప్పు నీళ్లలో కరిగినట్టు కరగదు. ఒక్కో ఫాస్ఫేట్ విడిపోవడానికి రెండు హైడ్రోజన్ అయాన్లు, అంటే ఆమ్లం, ఖర్చవుతాయి. ఆమ్లం ఉంటేనే సరిపోదు. విడిపోయిన కాల్షియం రేణువు పక్కనే పేరుకుంటే కరగడం ఆగిపోతుంది. ఫాస్ఫేట్ పేరుకున్నా అంతే. కాబట్టి ఒకవైపు ఆమ్లం అందుతూ ఉండాలి, మరోవైపు కాల్షియమూ ఫాస్ఫేటూ ఖాళీ అవుతూ ఉండాలి.

పప్పుజాతి మొక్క వేరు ఈ పనులన్నీ చేస్తుంది. వేరు మీది బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తున్నప్పుడు మొక్కకు నేలలోని నైట్రేట్‌తో పెద్దగా పని ఉండదు. కానీ పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం మామూలుగానే పీల్చుకుంటుంది. ఇవన్నీ ధనావేశం ఉన్నవి. లోపలికి పోయిన ధనావేశానికి సరిపడా వేరు హైడ్రోజన్ అయాన్లను బయటికి వదలాలి. అందుకే బుడిపెలు బాగా పనిచేసే వేరు చుట్టూ మట్టి పీహెచ్ తగ్గుతుంది, అంటే ఆమ్లం పెరుగుతుంది. చోడి, జొన్న, మొక్కజొన్న నైట్రేట్ మీద పెరిగినప్పుడు ఇది తిరగబడుతుంది. ఋణావేశం ఎక్కువగా లోపలికి పోతుంది కాబట్టి అవి బైకార్బనేట్ లాంటివి వదిలి వేరు చుట్టూ పీహెచ్‌ను పెంచుతాయి. పైగా ధాన్యపు పంటలు కాల్షియం తీసుకునేది తక్కువ, పప్పుజాతి తీసుకునేది ఎక్కువ. రాతిని కరిగించడంలో చోడికీ కందికీ అసలు తేడా ఇదే.

ఇక సిట్రిక్, మాలిక్ లాంటి సేంద్రియ ఆమ్లాలు. భాస్వరం కరువైనప్పుడు కొన్ని మొక్కలు వీటిని వేరు నుంచి వదులుతాయి. సిట్రేట్ కాల్షియాన్ని పట్టి పక్కకు లాగుతుంది, రాయి ఇంకాస్త విడిపోతుంది. ఇందులో మొనగాడు తెల్ల లూపిన్, కానీ అది మన పంట కాదు. ఆవ జాతి మొక్కలూ మాలిక్, సిట్రిక్ ఆమ్లాలు వదులుతాయి, కాల్షియం కూడా బాగా తాగుతాయి. కాకపోతే వాటి వేళ్లకు మైకోరైజా, అంటే వేరుకు భాస్వరాన్ని మోసుకొచ్చే శిలీంధ్రం, పట్టదు.

ఇప్పుడు కంది దగ్గరికి వద్దాం, ఇక్కడ చాలామంది పొరబడతారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జపాన్ శాస్త్రవేత్తలు చేసిన పని 1990లో వచ్చింది. ఎర్రనేలలో భాస్వరం వేయకపోతే జొన్న, సజ్జ, మొక్కజొన్న, సోయా చతికిలబడ్డాయి, కంది మాత్రం నిలబడింది. కంది వేరు వదిలే పిసిడిక్ ఆమ్లం దీనికి కారణమని తేల్చారు. అయితే ఆ ఆమ్లం పట్టేది ఇనుమును. అంటే అక్కడ కంది తీసుకున్నది ఇనుముతో బంధించుకున్న భాస్వరాన్ని, రాతిలోని కాల్షియం భాస్వరాన్ని కాదు. "కంది రాక్ ఫాస్ఫేట్‌ను కరిగిస్తుందని ఇక్రిశాట్ చెప్పింది" అని అక్కడక్కడా రాస్తున్నారు, అది తప్పు.

అలాగని మీకు అది పనికిరాదనీ కాదు. పీహెచ్ 5.3 నేలలో రాతి నుంచి విడిపోయిన ఫాస్ఫేట్‌ను పక్కనే ఉన్న ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు వెంటనే లాక్కుంటాయి. చోడి వేరుకు అక్కడ దొరికేది తక్కువ. కంది మాత్రం దాన్ని ఇనుము చేతిలోంచి తిరిగి తీసుకోగలదు. మీ నేలలో ముందు నేల ఆమ్లమూ వేరు ఆమ్లమూ కలిసి రాతిని విడగొడతాయి, తర్వాత పిసిడిక్ ఆమ్లం ఇనుము పట్టును వదిలిస్తుంది. రెండు మెట్ల పని.

ఇంకో సంగతి, ఇదంతా వేరుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలోనే జరుగుతుంది. "కంది వేస్తే చేనంతా కరుగుతుంది" అన్నది కుదరదు. చోడికి ఎనిమిది సాళ్లకు ఒక సాలు కంది వేస్తే, దూరపు చోడి సాళ్లకు ఈ ఏడాది ఒరిగేది దాదాపు సున్నా.

గొర్రుసాలు:
వేరుకొస గారు చెప్పిన ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల మాట పట్టుకునే వేసే పద్ధతి చెబుతాను.

ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. అందులో 100 కిలోల రాక్ ఫాస్ఫేట్ సమంగా కలిపారనుకోండి. రేణువు 0.1 మిల్లీమీటరు ఉంటే గ్రాము మట్టికి దాదాపు 70 రేణువులు పడతాయి. అదే 0.5 మిల్లీమీటరు ఉంటే రెండు గ్రాముల మట్టికి ఒక్కటి. అదే సరుకు, అదే బరువు. మొదటి దాంట్లో వేరు ఎటు వెళ్లినా రేణువు తగులుతుంది, రెండో దాంట్లో తగలదు. అందుకే మెత్తదనం మీద రాజీ పడకూడదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 90 శాతం సరుకు 0.15 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి, మిగతాది 0.25 జల్లెడలోంచి దిగాలి. మొత్తం భాస్వరం ఎరువు లెక్కన, అంటే P2O5గా, కనీసం 18 శాతం ఉండాలి. చేత్తో నలిపితే సిమెంటులా ఉండాలి. ఇసుకలా గరగరలాడితే ఆ బస్తా వద్దు. గుళికలుగా చేసినదీ వద్దు.

సాళ్లలో పోయడం సూపర్‌కు, డీఏపీకి మంచి పద్ధతి. అవి కరిగే ఎరువులు, ఒకచోట గుట్టగా ఉంటే నేల బంధించేది తగ్గుతుంది. రాక్ ఫాస్ఫేట్‌కు అది నష్టం. గుట్టగా పడితే రేణువులు తమ కాల్షియంతోనే తమ చుట్టూ పీహెచ్ పెంచుకుని కరగకుండా కూర్చుంటాయి. కాబట్టి వెదజల్లి దుక్కిలో కలిపేయాలి.

మోతాదు. సాధారణ సిఫారసు ప్రకారం కందికి ఎకరాకు 20 కిలోల భాస్వరం, అంటే 18 శాతం సరుకు 111 కిలోలు. కానీ మొదటి ఏడాది రాతిలో కొంత భాగమే విడుదలవుతుంది. అందుకని ఏటా కొంచెం కొంచెం చల్లే బదులు ఎకరాకు 200 కిలోలు ఒకేసారి వేసి మూడేళ్లు వాడుకోవడం మేలనిపిస్తుంది. అందులో భాస్వరం 36 కిలోలు. క్వింటా గింజతో పొలం నుంచి బయటికి పోయే భాస్వరం ఎరువు లెక్కన సుమారు 700 గ్రాములు. చోడి, కంది కలిపి ఏటా పది క్వింటాళ్లు తీసినా పోయేది 7 కిలోలే. లెక్క సరిపోతుంది.

వేళ. విత్తడానికి మూడు నాలుగు వారాల ముందు, వేసవి వానకు దుక్కి తడిసినప్పుడు వేయాలి. పొడి నేలలో ఏమీ జరగదు. తడి ఉంటే వేరు రాకముందే నేల ఆమ్లం పని మొదలెడుతుంది. ఎకరా సరుకును టన్ను చెమ్మ పశువుల ఎరువులో కలిపి చల్లితే గాలికి ఎగిరిపోదు. వాలు నేల కదా, చల్లిన రోజే వాలుకు అడ్డంగా దున్నండి. పైపైన వదిలేస్తే ఒక్క గట్టి వానకు మెత్తటి పొడి అంతా గెడ్డలో (వాగులో) చేరుతుంది. కొండ మీద ఎక్కువగా పోయేది ఇలాగే.

సున్నం మాత్రం ఆ ఏడాది వేయకండి. పీహెచ్ పెరుగుతుంది, కాల్షియమూ పెరుగుతుంది, రెండూ రాతిని కాపాడేవే. జిప్సమ్ పీహెచ్‌ను పెంచదు గానీ కాల్షియం వల్ల కరగడాన్ని నెమ్మదిస్తుంది. వేరుశనగకు జిప్సమ్ తప్పనిసరి కాబట్టి, ఆ పంటలో దాన్ని పూత దశలో కాయ ఊడలు దిగే చోట మొదళ్ల దగ్గరే వేయాలి, దుక్కిలో రాక్ ఫాస్ఫేట్‌తో కలపకూడదు.

రేగడి_నంద్యాల:
మధ్యలో వస్తున్నాను. మాది నల్లరేగడి, పీహెచ్ 8.3, అడుగున సున్నపు గులకలు. శనగ వేస్తాం. శనగ ఆకు మీద చెయ్యి పెడితేనే పులుపు అంటుతుంది, వేరు కూడా పులుపే వదులుతుందట కదా. మరి రాక్ ఫాస్ఫేట్ ఇక్కడెందుకు పనిచేయదు? డీఏపీ ధర చూస్తే ఇదే నయమనిపిస్తోంది.

వేరుకొస:
శనగ వేరు సేంద్రియ ఆమ్లాలు వదిలే మాట నిజం. మాలోనిక్, సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు వస్తాయి. ఆకు మీది పులుపు ముఖ్యంగా మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాలది. చిక్కు మీ నేలలో ఉంది.

ఒక లెక్క చూడండి. ఎకరాకు 20 కిలోల భాస్వరం రాతి నుంచి విడిపోవడానికి అయ్యే ఆమ్లం ఖర్చు, 28 కిలోల సున్నపురాయిని కరిగించడానికి అయ్యే ఖర్చుతో సమానం. మీ నేలలో సున్నం ఒక్క శాతమే అనుకున్నా, పై 15 సెంటీమీటర్లలో అది 9,000 కిలోలు. ఎపటైట్ కంటే సున్నం చాలా సులువుగా కరుగుతుంది. వేరు వదిలిన ఆమ్లం ముందు సున్నానికే పోతుంది, రాయి వంతు రాదు. పైగా నేల నీటిలో కాల్షియం ఎప్పుడూ నిండుగా ఉంటుంది. వేరు వదిలిన సిట్రేట్‌కు కూడా ఆ కాల్షియమే ముందు దొరుకుతుంది.

ఇంకోటి, మీ నేలలో కాల్షియం భాస్వరం ముందే ఉంది. పటాన్‌చెరు ప్రయోగంలో ఎర్రనేలలో చతికిలబడ్డ ఆ జొన్న, సజ్జలే నల్లరేగడిలో భాస్వరం వేయకుండానే పెరిగాయి. అక్కడ ఉన్నది కాల్షియంతో కలిసిన రూపం కాబట్టి అది వాటికి అందింది. శనగ పులుపు చేసే మేలు ఆ పాత నిల్వ మీద. దానికి తోడు మీరు కొని చల్లే రాతిపొడి ఇంకా మొండి రూపం. అది అక్కడ చేరి పడి ఉంటుంది, అంతే.

డీఏపీ ధర భారమైతే దాన్ని గొర్రుతో విత్తనానికి పక్కగా, కాస్త కిందగా పడేటట్టు వేసి మోతాదు తగ్గించుకోండి. మట్టి పరీక్షలో భాస్వరం "ఎక్కువ" అని వస్తే ఆ ఏడాది బాగా తగ్గించవచ్చు. ఎకరాకు 20 కిలోల భాస్వరం అంటే డీఏపీ 43.5 కిలోలు, సూపర్ అయితే 125 కిలోలు. సూపర్‌లో గంధకం కూడా వస్తుంది, శనగకు అది లాభమే.

మట్టిసంచి:
ఫాస్ఫోబాక్టీరియా సంగతి ఎవరూ ఎత్తలేదు. "అది లేకపోతే పనిచేయదు" అన్నది అమ్మేవాళ్ల మాట.

ప్రయోగశాలలో ఈ బాక్టీరియాను పికోవ్‌స్కయా మాధ్యమం మీద పెంచి, చుట్టూ తెల్లదనం పోయి వలయం ఏర్పడితే "కరిగించేది" అని ముద్ర వేస్తారు. ఆ పళ్లెంలో ఉండేది ట్రైకాల్షియం ఫాస్ఫేట్. ఎపటైట్ కంటే అది చాలా మెత్తటి సరుకు. పళ్లెంలో గ్లూకోజ్ కూడా దండిగా పోస్తారు. దాన్ని తిని బాక్టీరియా గ్లూకోనిక్ ఆమ్లం చేస్తుంది. పొలంలో గ్లూకోజ్ ఎవరు పోస్తారు? వేరు ఒడ్డున కారే కొద్దిపాటి చక్కెరలే దానికి తిండి, ఆ తిండికి వేరే సూక్ష్మజీవులూ పోటీ. అందుకని పళ్లెంలో కనిపించే బలం పొలంలో రాదు.

వేయొద్దనడం లేదు. ఎకరాకు 2 కిలోలు, 200 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి, నీడన తడి ఆరకుండా ఉంచి, ఆఖరి దుక్కిలో వేయండి. ఖర్చు తక్కువ. కానీ డబ్బు ఒక్కదానికే ఉంటే దాన్ని కంది రైజోబియం, అంటే వేరు మీద బుడిపెలు కట్టించే బాక్టీరియా, మీద పెట్టండి. వేరుకొస గారు చెప్పిన ఆమ్లం అంతా బుడిపెల మీద ఆధారపడి ఉంది. బుడిపెలు లేకపోతే కంది కూడా నైట్రేట్ తాగి చోడిలాగే ప్రవర్తిస్తుంది. ఎకరా విత్తనానికి 200 గ్రాముల పొట్లం చాలు. వేరే విత్తనశుద్ధి ఏదైనా ఉంటే అది ముందు, రైజోబియం చివర. నీడన ఆరబెట్టి అదే రోజు విత్తాలి.

నలభై రోజులకు నాలుగైదు చోట్ల మొక్కను గునపంతో మట్టిగడ్డతో సహా లేపి చూడండి, పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. బుడిపెను కోస్తే లోపల గులాబీ రంగో ఎరుపో ఉండాలి. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే నత్రజని పట్టడం లేదు, ఆమ్లమూ రావడం లేదు. పచ్చి కోళ్ల ఎరువు లాంటి నత్రజని ఎక్కువ ఉన్న ఎరువు కందికి దట్టంగా వేసినా బుడిపెలు మొండికేస్తాయి.

మైకోరైజా గురించి ఒక మాట. అది రాతిని పెద్దగా కరిగించదు. కరిగినదాన్ని దూరం నుంచి మోసుకొస్తుంది, అదే దాని విలువ. ఫాస్ఫటేజ్ ఎంజైములు కూడా రాతి మీద పనిచేయవు, అవి సేంద్రియ భాస్వరానికి మాత్రమే.

చోడిచేను:
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. ఇంకో మూడు. తర్వాతి ఏడు చోడి ఒక్కటే వేస్తే దానికి ఏమైనా అందుతుందా? రాక్ ఫాస్ఫేట్‌ను పెంటకుప్పలో ముందే వేసి మాగబెడితే మేలా? మా పల్లం మడుల్లో వరికి కూడా వేయొచ్చా?

గొర్రుసాలు:
చోడికి అందేది నేరుగా రాతి నుంచి కాదు, కంది ద్వారా. కంది తీసుకున్న భాస్వరంలో ఆకు రాల్పు, వేళ్ల భాగం చేనులో కుళ్లి తిరిగొస్తుంది. కంది కట్టెను పొయ్యిలోకి తీసుకెళ్తే ఆ బూడిదనైనా చేనుకు తేవాలి. కాకపోతే బూడిద క్షారం, రాక్ ఫాస్ఫేట్ వేసిన ఏడాది అదే చోట కుప్పగా పోయకండి.

చోడికి ఇంకా గట్టిగా అందాలంటే పచ్చిరొట్ట దారి ఉంది. చోడిని నారు పోసి నాటే అలవాటుంటే ముందు రెండు నెలలు ఖాళీ దొరుకుతుంది. తొలకరికి ముందే రాక్ ఫాస్ఫేట్ దుక్కిలో కలిపి, ఎకరాకు 15 కిలోల జనుము చల్లి, పూత మొదలయ్యే వేళకు, అంటే 45 నుంచి 50 రోజులకు, కలియదున్నాలి. జనుము కూడా పప్పుజాతే, ఆమ్లం పని అదే చేస్తుంది. కాండం ముదరనివ్వకూడదు. ముదిరితే కర్బనం ఎక్కువై, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు భాస్వరాన్ని తామే పట్టుకుంటాయి. కర్బనం భాస్వరానికి 200 రెట్ల లోపు ఉంటే విడుదల, 300 రెట్లు దాటితే బిగింపు. లేత రొట్ట, ముదురు రొట్ట మధ్య తేడా అంతా ఇదే.

పెంటకుప్పలో కలపడం వల్ల ఆశించినంత రాదు. మాగే కుప్ప పీహెచ్ 7 నుంచి 8 దాకా పోతుంది, అక్కడ రాయి కరిగేది తక్కువ. మీ 5.3 నేలే దానికంటే బాగా కరిగిస్తుంది. నేల పీహెచ్ 6 దాటిన వాళ్లకు కుప్పలో కలపడం కొంత అర్థవంతం. మీకు మాత్రం కుప్ప అవసరం చల్లేటప్పుడు పొడి ఎగరకుండా ఉండటానికే.

పల్లం మడి వేరే కథ. ఆమ్ల నేలకు నీళ్లు కట్టిన మూడు నాలుగు వారాల్లో పీహెచ్ 6.5, 7 దగ్గరికి ఎక్కుతుంది. దమ్ములో వేస్తే రాయి కరగక ముందే తలుపు మూసుకుంటుంది. మడిలో వేయాలంటే నీళ్లు కట్టక ముందు రెండు మూడు వారాలు తడి దుక్కిలో ఉంచాలి. మీరైతే ముందు మెట్ట మీదే పెట్టండి.

వేరుకొస:
ఒక జాగ్రత్త కలుపుతాను. పీహెచ్ 5 కంటే దిగిన తావులు వాలులో అక్కడక్కడా ఉంటాయి. అక్కడ రాయి బాగానే కరుగుతుంది గానీ నేలలోని అల్యూమినియం వేరు కొసలను మొద్దుబారుస్తుంది. వేరు పెరగకపోతే కరిగిన భాస్వరం ఎవరికి? అలాంటి తావుల్లో పశువుల ఎరువు రెట్టింపు వేయండి, సేంద్రియ పదార్థం అల్యూమినియాన్ని కొంత పట్టి ఉంచుతుంది. మూడెకరాలకు ఒకే నమూనా తీసి ఉంటే, వాలు పైన, మధ్య, కింద వేరువేరుగా మళ్లీ తీయించండి.

సరుకు సంగతి కూడా. మన దేశంలో ఎక్కువగా దొరికేది ఉదయపూర్ దగ్గరి ఝామర్‌కోట్రా రాయి. అది చాలా పురాతన శిల, స్ఫటికం గట్టిపడినది. ట్యునీషియా గాఫ్సా, అమెరికా నార్త్ కరోలినా రాళ్లంత చురుకైనది కాదు. విదేశీ రాళ్లతో వచ్చిన ఫలితాలు చదివి అదే ఆశించకండి. ఝామర్‌కోట్రా ఖనిజంతో డోలమైట్ కూడా కలిసి వస్తుంది. చెంచాడు పొడి మీద నాలుగు చుక్కలు పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి చూడండి. కాస్త బుసబుసలాడటం మామూలే, బాగా పొంగితే డోలమైటో సున్నమో ఎక్కువ ఉన్నట్టు. అది మీ నేల ఆమ్లాన్ని ముందే తినేస్తుంది.

మట్టిసంచి:
వచ్చే ఏడాది మట్టి పరీక్ష చేయించి "భాస్వరం పెరగలేదే" అని కంగారు పడకండి. మన దగ్గర మామూలుగా చేసే ఓల్సెన్ పద్ధతి క్షార ద్రావణంతో తీస్తుంది. రాక్ ఫాస్ఫేట్ వేసిన నేలలో అది ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. గట్టి ఆమ్లంతో తీసే పద్ధతులు కరగని రాతిని కూడా కరిగించి ఎక్కువ చూపుతాయి. రెండూ మోసమే. చేనులోనే చూసుకోవడం నయం.

ఒకే వాలు మీద ఐదు మీటర్లకు ఐదు మీటర్ల మడులు ఎనిమిది కొలిచి కర్రలు పాతండి. నాలుగింటికి రాక్ ఫాస్ఫేట్, నాలుగింటికి ఏమీ వద్దు, ఒకటి విడిచి ఒకటి. ఎకరాకు 200 కిలోల లెక్కన ఒక్కో మడికి 1 కిలో 240 గ్రాములు. పశువుల ఎరువు, విత్తనం, రైజోబియం అన్నిటికీ ఒకటే. పై మడి నుంచి పొడి కింది మడిలోకి కొట్టుకురాకుండా మధ్యలో అడ్డంగా చిన్న గట్టు వేయండి. కందిలో మొదటి నలభై రోజులు తేడా కనిపించకపోవచ్చు, మొక్క అప్పుడు నెమ్మదిగానే పెరుగుతుంది. పూత నాటికి కొమ్మల లెక్క, కోతకు గింజ బరువు తూయండి. రెండో ఏడు అవే మడుల్లో చోడి వేసి మళ్లీ తూయండి, కర్రలు మాత్రం పీకకండి.